ఏడు దినములు – ఎన్ని ద్వీపములు?



2025 సంక్రాంతి సెలవులలో మేము కుటుంబసమేతంగా అండమాను దీవులకు వెళ్లివచ్చిన సంగతి మన సంఘాలలో చాలామందికి తెలుసు. వచ్చింది మొదలు ఎక్కడికి వెళ్లినా ఇదే ప్రశ్న. "అయ్యగారూ, ఎన్ని రోజులు పడుతుంది? ఓడలో వెళ్లవచ్చా? ముసలివాళ్లను తీసుకువెళ్లవచ్చా?" ఒక్కొక్కరికి చెప్పే బదులు ఇక్కడ రాస్తే అందరికీ అక్కరకు వస్తుందని అనుకున్నాము. అయితే దారి, టికెట్టు, పడవ అని రాసి ఊరుకుందామంటే కుదరడం లేదు. మా ఇంటి కథ కూడా కొంత చెప్పవలసి ఉన్నది.

సంఘంలో అందరూ అమ్మగారు అని పిలిచే మా ఇంటావిడకు ఒక అన్నయ్య ఉన్నారు. మాకు బావగారు. తాపీ పని ఆయన వృత్తి. 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ నికోబారు దీవులను తుడిచిపెట్టిన తర్వాత అక్కడ వేలాది పక్కా ఇళ్లు కట్టవలసి వచ్చింది. ఆ పని కొరకు మన ఉత్తరాంధ్ర పల్లెలనుండి వెళ్లినవారిలో ఆయన ఒకరు. 2006లో విశాఖపట్నంలో ఓడ ఎక్కారు. పని ముగిసిన తర్వాత పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండిపోయి, అక్కడి తెలుగు కుటుంబంలోనే పెళ్లి చేసుకున్నారు. ఇంటికి వచ్చింది రెండే సార్లు. చివరిసారి 2013లో. మరుసటి సంవత్సరం మా మామగారు చనిపోయినప్పుడు ఆయన రాలేదు. పల్లెటూరు సంగతి మీకు తెలియనిది కాదు. పెద్ద కొడుకు లేకుండా సమాధి చేశారని ఆ మాట చాలా కాలం నలిగింది. మా అత్తగారు మాత్రం ఆ విషయం మీద మంచి గాని చెడ్డ గాని ఒక్క మాట పలకలేదు. అదే మాకు ఎక్కువ బాధగా ఉండేది.

అమ్మగారు మూడు సంవత్సరాలుగా కట్టిన చీటీ 2024లో చేతికి వచ్చింది. ఇంటికి రేకులు మార్చాలా, అండమాను వెళ్లాలా అని రెండు రాత్రులు ఆలోచించి అండమానే అనుకున్నాము. పెద్దలు వారం సెలవు ఇచ్చారు. ఆదివారం ఆరాధన ముగించుకొని రాత్రి రైలెక్కి, సోమవారం చెన్నై చేరి, మంగళవారం తెల్లవారుజామున విమానం. మరుసటి సోమవారం తిరుగు ప్రయాణం. మధ్యలో వచ్చే ఒక్క ఆదివారానికి పొరుగు సంఘ కాపరి వస్తామన్నారు. చేతిలో ఉన్నవి ఏడు రోజులు.

అత్తగారికి డెబ్బది దాటాయి. ఆమె మొదట పెట్టిన షరతు ఓడలోనే వెళ్లాలని. "మా పెద్దోడు ఎల్లిన ఓడలోనే ఎల్తాను" అన్నారు. కోరిక న్యాయమైనదే. విశాఖనుండి పోర్ట్ బ్లెయిర్ సుమారు 1,200 కిలోమీటర్లు. ఓడకు సుమారు రెండున్నర రోజులు పడుతుంది. పోను రాను ఐదు రోజులు నీళ్లమీదే అయితే ఏడు రోజులలో మిగిలేది రెండు. పైగా ఆ ఓడ రోజూ ఉండదు, వారం వారమూ ఉండదు. దాని తేదీని పట్టి మన సెలవు కుదుర్చుకోవాలే గాని మన సెలవును పట్టి అది కదలదు. తీరిక ఉన్నవారికి, సామాను ఎక్కువ ఉన్నవారికి ఓడ మంచిదే. మాకు కుదరలేదు. చెన్నైనుండి విమానం రెండు గంటల పైచిలుకులో దింపుతుంది. టికెట్లు మూడు నెలల ముందే తీసుకున్నాము. పండుగ దగ్గర పడేకొద్దీ వాటి ధర మనలాంటివారికి అందదు.

ఇక ప్రణాళిక. ఆ బాధ్యత ఇంటర్మీడియట్ చదువుతున్న మా అబ్బాయి తీసుకున్నాడు. ఫోనులో చూసి చూసి, ఒక పెద్ద తెల్లకాగితం మీద గళ్లు గీసి బీరువా తలుపుకు అంటించాడు. మొదటి రోజు సెల్యులార్ జైలు. రెండు, మూడు రోజులు హావ్‌లాక్. నాలుగో రోజు నీల్. ఐదో రోజు బారాటాంగ్ సున్నపురాతి గుహలు. ఆరో రోజు ఉదయం రోస్ ద్వీపం, మధ్యాహ్నం నార్త్ బే. ఏడో రోజు డిగ్లీపూర్ వెళ్లి, ఇసుక తిన్నెతో కలిసి ఉండే రెండు జంట దీవులు. రంగు పెన్సిళ్లతో పడవలు కూడా వేశాడు. మేము కూడా ముచ్చటపడ్డాము. జీవితంలో ఒక్కసారి వెళ్తున్నాము గదా, ఒక్కటి కూడా వదలకూడదని మేమే మరో దీవి పేరు చేర్పించాము.

అత్తగారికి అక్షరాలు రావు. ఆ కాగితం ముందు నిలబడి గళ్లమీద వేలు పెట్టి లెక్కపెట్టి అడిగారు. "ఏటి బాబూ, ఇందులో మా పెద్దోడి ఇల్లు ఏ దినానుంది?"

మా అబ్బాయి వెదికి చూపించాడు. శుక్రవారం గడిలో అడుగున, చిన్న అక్షరాలతో, "సాయంత్రం 6 గంటలు, మామయ్య ఇల్లు" అని ఉంది.

ఆమె ఏమీ అనలేదు. వంటింట్లోకి వెళ్లిపోయారు. ఆ రాత్రి అమ్మగారు కాగితాన్ని బీరువా మీదనుండి తీసివేశారు.

ఆ తర్వాత మేము చేసిన లెక్కలు చదువరులకు పనికివస్తాయి గనుక రాస్తున్నాము. అండమాను నికోబారులో రాళ్లు రప్పలతో కలిపి లెక్కిస్తే దీవులు 800 పైనే. మనుష్యులు నివసించేవి సుమారు 30. దీవి మారిన ప్రతిసారి సగం రోజు పోతుందని లెక్క వేసుకోవాలి. ఉదయాన్నే గది ఖాళీ చేయాలి, పడవ కదలడానికి గంట ముందే జెట్టీకి చేరాలి, గుర్తింపు కార్డులు చూపించాలి, దిగిన తర్వాత సామానుతో బండి వెదుక్కోవాలి. పోర్ట్ బ్లెయిర్‌నుండి హావ్‌లాక్‌కు ప్రభుత్వ పడవ సుమారు రెండున్నర గంటలు, ప్రైవేటు పడవ గంటన్నర నుండి రెండు గంటలు. హావ్‌లాక్‌నుండి నీల్‌కు సుమారు గంట. నీల్‌నుండి తిరిగి పోర్ట్ బ్లెయిర్‌కు సుమారు రెండు గంటలు. కాగితం మీద చూస్తే తక్కువే. అయిదుగురు మనుష్యులతో, ఏడు సంచులతో, మోకాళ్ల నొప్పులున్న ఒక పెద్దావిడతో చూస్తే ఎక్కువ.

మరొక సంగతి చాలామంది మరచిపోతారు. అక్కడ ప్రొద్దు త్వరగా గూకుతుంది. మన దేశపు గడియారానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖ కాకినాడకు దగ్గరగా పోతుంది. అండమాను దానికి 10 డిగ్రీలు తూర్పున ఉన్నది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున 40 నిమిషాలు సూర్యుడు ముందుంటాడు, గడియారం మాత్రం మనదే. జనవరిలో ఐదుంపావు దాటేసరికి సూర్యుడు సముద్రంలో దిగిపోతాడు. మధ్యాహ్నం మూడింటికి పడవ దిగితే ఆ రోజు అయిపోయినట్లే. తెల్లవారుజామున లేచేవారికే అక్కడ రోజు దక్కుతుంది. ఈ విషయంలో మన రైతు కుటుంబాలకు కొంత అనుకూలమే.

సముద్రం కొంచెం గట్టిగా ఉంటే పడవలు నిలిపివేస్తారు. గనుక విమానం ఎక్కే ముందు రోజు ఎవరూ దూరపు దీవిలో ఉండకూడదు. దీవులు ముందు, పోర్ట్ బ్లెయిర్ చివర. ఇది రూఢిగా పాటించవలసిన మాట. మే నుండి అక్టోబరు వరకు నైరుతి వానలు, ఆ తరువాత కొంత కాలం తుఫానుల భయం. జనవరి మొదలు ఏప్రిల్ వరకు సముద్రం నెమ్మదిగా ఉంటుంది.

డిగ్లీపూర్‌ను మొదటే కొట్టివేశాము. రోడ్డు మీద 300 కిలోమీటర్లకు పైన. మా అబ్బాయి మూతి ముడుచుకున్నది బారాటాంగ్ దగ్గర. అక్కడికి పోయే రోడ్డు జార్వా అనే ఆదివాసుల అడవి గుండా పోతుంది. జిర్కాటాంగ్ దగ్గర వాహనాలన్నిటిని వరుసగా ఆపి, నిర్ణీత వేళలలో పోలీసు కాపలాతో వదులుతారు. దారిలో ఆగకూడదు, ఫోటో తీయకూడదు, ఏమీ ఇవ్వకూడదు. ఇంత కట్టడి ఉన్నా గుహలు పేరుకు మాత్రమే, దారిలో మనుష్యులు కనబడతారేమో అని చూడడానికే వెళ్లేవారు చాలామంది. ఆ రోడ్డును మూసివేయాలని సుప్రీంకోర్టు 2002లోనే ఆదేశించింది. అది జరుగలేదు. 2012లో ఒక వీడియో బయటపడింది. తిండి ఆశచూపి జార్వా స్త్రీలచేత నాట్యం చేయించిన దృశ్యం. మా అబ్బాయితో మేము ఇంతే అన్నాము. మన వీధిలో బస్సులు ఆపి, మీ అమ్మ కట్టెలు మోసుకొస్తుంటే కిటికీలోనుండి చూస్తే నీకు ఎలా ఉంటుంది? వాడు ఒప్పుకున్నాడని చెప్పలేము. ఆ గడిని మాత్రం తానే చెరిపివేశాడు.

ఇదే సందర్భంలో యువజనులు మమ్మును తరచుగా అడిగే మరొక ప్రశ్న. ఉత్తర సెంటినల్ దీవిలో 2018 నవంబరులో ఒక అమెరికా యువకుడు సువార్త కొరకు అడుగుపెట్టి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆయన ఆసక్తిని మేము తక్కువ చేయము. అయితే ఆ దీవికి వెళ్లడం చట్టం నిషేధించిన పని. బయటివారి జలుబు, తట్టు వంటి రోగాలకు ఆ ప్రజల దేహాలలో నిరోధం లేదు. 1858లో బ్రిటిషువారు ఖైదీల నివాసం స్థాపించేనాటికి వేల సంఖ్యలో ఉన్న గ్రేట్ అండమానీయులు ఇప్పుడు వంద మంది లోపే. ఎవరూ కత్తి ఎత్తకుండా, తాకిడి వలననే చాలామంది పోయారు. మన రాకే ఒకరికి మరణమైతే ఏమి చేయాలో ఆలోచించవలసిందే.

మేము నిజంగా చూడాలనుకున్నది కార్ నికోబారు. అక్కడి ప్రజల మధ్యనే పుట్టి, బిషప్పుగా సేవ చేసి, నికోబారు భాషలోనికి క్రొత్త నిబంధనను తర్జుమా చేసి, 1952లో మొదటి లోక్‌సభలో సభ్యుడైన జాన్ రిచర్డ్‌సన్ గారి దీవి అది. బావగారు ఇళ్లు కట్టినది కూడా అక్కడే. అయితే నికోబారు దీవులకు విహారయాత్రికులను అనుమతించరు. ఆ గడి కూడా పోయింది.

మిగిలినవి హావ్‌లాక్, నీల్. ఒక్కొక్క చోట ఒక్కొక్క రాత్రి. కాగితంలో ఖాళీ గళ్లు చాలా మిగిలాయి. వాటన్నిటిలోను అమ్మగారు పెద్ద అక్షరాలతో "అన్నయ్య ఇల్లు" అని రాశారు.

అప్పుడు బావగారికి ఫోను చేశాము. సంతోషిస్తారనుకుంటే చాలా సేపు పలకలేదు. తర్వాత, "మీరు మంచి హోటలు చూసుకోండి బావగారూ. నాది రేకుల ఇల్లు, రెండు గదులు. అమ్మ మీతో ఉంటేనే సుఖం" అన్నారు. ఇరవై ఏళ్లకు దగ్గరగా ఇతరులకు ఇళ్లు కట్టిన మనిషి. మేము జవాబు వెదుకుతుంటే అత్తగారు ఫోను తీసుకొని, "నీను నీ ఇంటిలోనే తొంగుంటాను. ఆ దీవులకి వీళ్లని ఎల్లనీ" అని పెట్టేశారు.

అలాగే జరిగింది. 14వ తారీఖు, సంక్రాంతినాడు, పోర్ట్ బ్లెయిర్‌లో దిగాము. 2024 సెప్టెంబరులో ఆ ఊరికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు. హావ్‌లాక్, నీల్, రోస్ దీవులకు కూడా 2018 డిసెంబరులోనే స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్, నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అని పేర్లు పెట్టారు. హావ్‌లాక్, నీల్ 1857 తిరుగుబాటును అణచిన సేనాధిపతులు గనుక ఆ మార్పు సబబే. మేము అలవాటు చొప్పున, జెట్టీ దగ్గర జనం పలికినట్లు, పాత పేర్లే రాస్తున్నాము. బయట బావగారు నిలబడి ఉన్నారు, తల నెరిసిపోయింది. తల్లీ కొడుకులు ఒకరినొకరు చూసుకొని వెంటనే సామాను సంగతి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. "ఆ సంచి జాగ్రత్త, అరిసెలున్నాయి" అన్నారు అత్తగారు. పలాస జీడిపప్పు, అరిసెలు, తాటి తాండ్ర. ఆమె బట్టలు మాత్రం రెండు చీరలే. బావగారి పిల్లలు ఇద్దరూ నాయనమ్మను హిందీలో పలకరించారు.

బుధవారం సాయంత్రం సెల్యులార్ జైలు చూశాము. 1896లో మొదలుపెట్టి 1906లో ముగించారు. ఏడు వరుసలలో ఇప్పుడు మూడే నిలిచి ఉన్నాయి. మన రంప మన్యంలో అల్లూరి సీతారామరాజు గారి వెంట నడిచినవారిలో కూడా కొందరిని అండమానుకు పంపారు. ఒక గదిలో మా అమ్మాయి లోపల నిలబడి తలుపు వేయమంది. వేసి, వెంటనే తీశాము.

గురువారం పిల్లలతో హావ్‌లాక్ బయలుదేరాము. పడవ పడనివారికి ఒక మాట. మాత్ర ఎక్కిన తర్వాత కాదు, అరగంట ముందే వేసుకోవాలి. ఖాళీ కడుపు వద్దు, నిండు కడుపూ వద్దు. పడవ మధ్యలో కూర్చొని దూరపు అంచును చూస్తూ ఉండాలి, ఫోను చూడకూడదు. మా అమ్మాయి ఫోను చూసింది. ఫలితం రాయనక్కర లేదు.

దేశ విభజన తర్వాత తూర్పు బెంగాలునుండి వచ్చిన కాందిశీకులను ఈ దీవులలో నిలిపారు. ఊళ్ల పేర్లు హావ్‌లాక్‌లో గోవింద్‌నగర్, రాధానగర్, నీల్‌లో సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్. అడవి కొట్టి వరి, అరటి, పోక వేసుకున్నారు. రాధానగర్ ఇసుక తెల్లగా, పిండిలాగా ఉంటుంది. మన కళింగపట్నం తీరంలో పెరిగిన మాకే నోట మాట రాలేదు. మొసలి హెచ్చరిక బోర్డులున్న చోట మాత్రం నీళ్లలో దిగకండి. 2010లో ఒక యాత్రికురాలు అక్కడే మొసలి వాత పడ్డారు, అవి ఉప్పునీటిలో తిరిగే మొసళ్లు. నీల్‌లో సముద్రం తొలిచిన రాతి వంతెన ఉన్నది. ఆటు సమయంలోనే దాని దగ్గరకు నడవగలం, పోటు వస్తే దారి ఉండదు. గనుక ముందు రోజే వేళ అడిగి పెట్టుకోవాలి. చెప్పులు గట్టివి కావాలి. పగడపు రాయి కత్తిలాగా కోస్తుంది. ఆ పగడాలు ఒక్క ముక్క కూడా తెచ్చుకోకూడదు, చట్టరీత్యా నేరం. మా అమ్మాయి జేబులో వేసుకున్నదాన్ని తీయించి నీళ్లలో వేయించాము. డబ్బు కొంత నోట్లరూపంలో ఉంచుకోండి. మందులు ఊరినుండే తీసుకువెళ్లండి, పెద్ద ఆసుపత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉన్నది.

శనివారం సాయంత్రం తిరిగి వచ్చేసరికి రేకుల ఇంటి ముందు అత్తగారు మనవరాలికి జడ వేస్తున్నారు. నాలుగు రోజులలో పిల్ల "నాయనమ్మా, నొప్పి" అనడం నేర్చుకుంది. ఆమె "బస్, బస్" అనడం నేర్చుకున్నారు.

ఆదివారం తెలుగు ఆరాధన తర్వాత అందరం కలిసి రోస్ ద్వీపానికి వెళ్లాము. విశ్రాంతి దినాన విహారమా అని పెద్దలు అడిగితే మా దగ్గర మంచి జవాబు లేదు. సోమవారం విమానం, అంతే. పడవలో కొద్ది నిమిషాల దారి. ఒకప్పుడు దొరల ముఖ్యపట్టణం. ఇప్పుడు మర్రి జాతి చెట్ల వేళ్లు గోడలను పట్టుకొని ఉన్నాయి. కప్పు లేని ప్రెస్బిటేరియన్ మందిరం గోడలు నిలిచి ఉన్నాయి. బావగారు ఆ రాతి కట్టుబడిని చేత్తో తడిమి, సున్నం ఎలా కలిపి ఉంటారో మా అబ్బాయికి చెప్పారు.

తిరిగి వస్తున్నప్పుడు అత్తగారు అంచున కూర్చున్నారు. రేవులో ఒక పెద్ద ఓడ నిలబడి ఉన్నది. "ఆ ఓడేనా?" అని అడిగారు. బావగారు అవునన్నారు. కొంచెం ఆగి, ఎవరూ అడగకుండానే చెప్పారు. "నాన్న పోయినప్పుడు ఆ వారం ఓడ లేదమ్మా. విమానం టికెట్టు ఆ రోజు ఎంతంటే, నా దగ్గర సగం కూడా లేదు. మేస్త్రీని అడిగాను, ఇవ్వలేదు. జెట్టీ దగ్గరే కూచున్నాను, రాత్రంతా."

అత్తగారు ఓడనే చూస్తూ, "ఎన్ని దినాలు పడతాది?" అన్నారు.

"రెండున్నర."

"మరునాడే మట్టి సేసేసినాం నాయినా. నువ్వు ఓడెక్కినా సూడలేకపోదువు." కొంగుతో ఆయన ముఖం మీది ఉప్పునీళ్లు తుడిచారు. కెరటం తుంపరే అనుకుంటాము.

బావగారి కుటుంబం వేసవి సెలవులకు మన ఊరు వస్తామన్నారు, ఓడలోనే. పిల్లలు అప్పుడే కాగితం మీద గళ్లు గీశారట. విశాఖపట్నం, అరకు, బొర్రా గుహలు, కళింగపట్నం, పలాస. మొన్న ఫోనులో చదివి వినిపించారు. నాయనమ్మ ఇల్లు ఏ రోజున ఉన్నదో ఇంకా రాయలేదు.